మీటరు దాటాక కరెంటు పని ఎవరిది?

చర్ల, దుమ్ముగూడెం, పినపాక, కరకగూడెం, గుండాల. ఇటు ఏన్కూరు, కారేపల్లి. ఈ అడవి అంచు మండలాల్లో ఏ గూడేనికి వెళ్లినా, ఏ తండాకు వెళ్లినా కరెంటు పని తెలిసిన కుర్రాడు ఒకడుంటాడు. మిరప తోటలో బోరు మోటారు ఆగిపోతే అతనికే ఫోను. పెళ్లి పందిరికి లైట్లు కట్టాలన్నా అతనే. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే, లైన్‌మన్ వచ్చేదాకా ఓపిక పట్టలేక ఊరు అతన్నే ముందుకు తోస్తుంది. జేబులో టెస్టరు, చేతిలో కటింగ్ ప్లయరు, కాళ్లకు అరిగిపోయిన చెప్పులు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఫలానా మేస్త్రీ వెంట రెండు మూడేళ్లు తిరిగానంటాడు. పని వచ్చు, సందేహం లేదు. కానీ అతని దగ్గర ఒక కాగితం లేదు.

ఆ కాగితం పేరు వైర్‌మన్ పర్మిట్. ఇవాళ నా మాటలన్నీ ఆ కుర్రాడి కోసం, అతన్ని కన్నవాళ్ల కోసం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు బోధించినవాణ్ని కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను: ఆ పర్మిట్ మన ఏజెన్సీ పిల్లలకు అందనంత ఎత్తులో లేదు. అది లేకుండా వాళ్లను మనం స్తంభాల మీదికి, తడి గోడల మీదికి పంపుతున్నాం. అది ఆగాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. కొత్త వైరింగు గానీ, ఉన్న వైరింగుకు మార్పులు, చేర్పులు, మరమ్మతులు గానీ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు కళ్లెదుట, పర్మిట్ ఉన్న మనిషి చేతనే జరగాలి. 2003 విద్యుత్ చట్టం వచ్చాక కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు చేసింది, 2023లో వాటిని మళ్లీ కొత్తగా రాసింది. ఈ మాట మాత్రం చెక్కుచెదరలేదు. బల్బు మార్చుకోవడం, ఫ్యాను మార్చుకోవడం, పాడైన స్విచ్చు స్థానంలో అలాంటిదే ఇంకొకటి బిగించుకోవడం వంటి చిన్న పనులకు పర్మిట్ అక్కర్లేదు. ఇంటి కరెంటు సామర్థ్యాన్నో స్వభావాన్నో మార్చే పని ఏదైనా సరే, పర్మిట్ ఉన్నవాడే చేయాలి.

మన రాష్ట్రంలో ఈ పర్మిట్లు, లైసెన్సులు ఇచ్చేది తెలంగాణ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు. ఉండేది హైదరాబాదులో. రాష్ట్ర ప్రధాన విద్యుత్ తనిఖీ అధికారి శాఖతో కలిసి నడుస్తుంది. డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ వేరు, ఈ శాఖ వేరు. కరెంటు బిల్లు కట్టే ఆఫీసుకు వెళ్లి పర్మిట్ ఇమ్మంటే ఇవ్వరు. చాలామంది పిల్లలు అక్కడిదాకా వెళ్లి, లేదనిపించుకుని తిరిగి వచ్చేస్తుంటారు. అందుకే ఈ తేడా ముందుగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. తరగతిలో చేరడానికి వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగేవాళ్లు: "సార్, పని చేతికి వచ్చేసింది గదా, ఇంకా ఈ చదువెందుకు?" 

ఎందుకో లెక్కతో చెబుతాను. మన ఇంటికి వచ్చేది 230 వోల్టులు. తడి ఒంటితో ఉన్న మనిషి శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుందాం. అప్పుడు అతని ఒంట్లోంచి పారే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. పాత 60 వాట్ల బల్బు తీసుకునే కరెంటు కంటే అది కాస్త తక్కువే. అంటే ఒక బల్బును వెలిగించే పాటి కరెంటు కూడా అక్కర్లేదు, మనిషి గుండె లయ తప్పడానికి. మరి బోర్డులో ఎంసీబీ ఉంది గదా, అది పడిపోదా అంటారు. పడదు. అది 6 ఆంపియర్లకో 16 ఆంపియర్లకో పెట్టి ఉంటుంది. వైరు కాలిపోకుండా కాపాడటం దాని పని. మనిషి ఒంట్లోంచి పారే పావు ఆంపియరును అది అసలు పట్టించుకోదు. మనిషి ప్రాణం కోసం పెట్టే పరికరం వేరే ఉంది, దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, అది రెప్పపాటులో కరెంటు కట్ చేస్తుంది. ఈ తేడా మేస్త్రీ వెంట తిరిగితే తెలియదు. మేస్త్రీకి కూడా ఎవరూ చెప్పి ఉండరు.

ఎర్తింగు సంగతీ అంతే. చెరువు నిండి పొంగినప్పుడు నీరు కట్ట తెంచకుండా అలుగు మీదుగా పోయినట్టు, ఇనుప డబ్బాకు తగిలిన కరెంటు మనిషిని తాకకముందే భూమిలోకి పోవడానికి ఎర్తు దారి ఇస్తుంది. రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్లు పోయడానికి గరాటు, దాని నుంచి స్టార్టరు డబ్బాదాకా తెగని తీగ. మన దగ్గర రాతి నేలలు ఎక్కువ. ఏప్రిల్, మే వచ్చేసరికి ఎర్తు గుంత ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయాలి, ఎర్తు టెస్టరుతో కొలిచి చూడాలి. పొలాల్లో ఎన్ని స్టార్టరు డబ్బాలకు ఈ తీగ ఉందో మీరే చూడండి. తొలకరి రాగానే, తడి చేత్తో స్టార్టరు నొక్కిన రైతు అక్కడికక్కడే కూలిపోయాడన్న వార్త వింటూనే ఉంటాం. అందులో విధి పాత్ర ఏమీ లేదు. రెండున్నర మీటర్ల పైపు లేదు, అంతే.

ఇంతకంటే భయంకరమైన అలవాటు ఒకటుంది. న్యూట్రల్ వైరు దొరకని చోట భూమిలో ఒక ఇనుప చువ్వ పాతి, దాన్నే న్యూట్రల్‌గా పెట్టి మోటారు నడపడం. మోటారు తిరుగుతుంది, నిజమే. ఆ చువ్వ చుట్టూ ఉన్న తడి నేలంతా కరెంటుతో నిండి ఉంటుంది. గొడ్డు అడుగు పెట్టినా, పిల్లవాడు అడుగు పెట్టినా అంతే సంగతులు. పని వచ్చిన కుర్రాడే ఈ పని చేస్తాడు. పని వచ్చినా, ప్రమాదం ఎక్కడుందో అతనికి ఎవరూ నేర్పలేదు.

2022 జూలై మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. దాని మీద మరో 18 అడుగుల నీరు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంత నీటిని ఈ తరం చూడలేదు. నీళ్లు తగ్గాక బూర్గంపాడు నుంచి చర్ల దాకా వేల ఇళ్లలో గోడలు నాని, స్విచ్చు బోర్డుల్లో ఒండ్రు నిండి ఉంది. అలాంటి ఇంటికి కరెంటు ఇవ్వాలంటే ముందు ఏం చేయాలి? మెయిన్ ఆపి, బోర్డులు విప్పి, కడిగి, ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్‌తో వైరింగు ఇన్సులేషన్ కొలవాలి. ఒక మెగా ఓము కంటే తక్కువ చూపిస్తే ఆ లైనుకు కరెంటు ఇవ్వకూడదు. మెగ్గర్ అన్న మాటే వినని మనిషి ఏం చేస్తాడు? ఫ్యూజు వేసి చూస్తాడు. బల్బు వెలిగితే బాగుందంటాడు. నానిన గోడను ఆ ఇంటి ఇల్లాలు ముట్టుకునేది ఆ తర్వాత.

అదే నెలలో, అవే వానల్లో, కామారెడ్డిలో బట్టలు ఆరేసే దండెం తీగకు కరెంటు పారి ఒకే ఇంట్లో నలుగురు చనిపోయారు. ఒకరిని కాపాడబోయి ఒకరు. మన ఊళ్లలోనూ రేకుల ఇళ్లకు ఇనుప తీగ దండేలు ఎన్నో. సర్వీసు వైరు రేకు అంచుకు ఒరుసుకుని తోలు ఊడిందంటే, రేకు, ఇనుప దూలం, దండెం అన్నీ కరెంటే. ఇంటి వైరింగు చేసే మనిషి పైకి చూడాలి, సర్వీసు వైరు ఎక్కడ ఒరుసుకుంటోందో పట్టుకోవాలి. దండేనికి నైలాన్ తాడు కట్టుకోమని చెప్పాలి. ఆ మాట చెప్పడం కూడా అతని పనిలో భాగమే.

మీటరు సంగతి ఇక్కడ చెప్పాలి. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నదంతా డిస్కంది. మనకైతే వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థది. మీటరు దాటాక ఉన్నది వినియోగదారుడిది. వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి పనిచేసేది మీటరు ఇవతల. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు వేయడానికి పర్మిట్ ఉన్నవాడికి కూడా అధికారం లేదు. అది డిస్కం సిబ్బంది పని. వాళ్లయినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుని, అంటే లైను ఆపినట్టు రాతపూర్వకంగా ఖాయం చేసుకుని, లైనుకు ఎర్తు రాడ్ తగిలించాకే చెయ్యి వేయాలి. ఊరి కుర్రాడు ఏం చేస్తాడు? ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను ఆపే ఏబీ స్విచ్చు కిందికి లాగి, కరెంటు పోయిందనుకుని ఎక్కుతాడు. మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పు పట్టి ఊడిరాకపోతే ఆ ఒక్క ఫేజు బతికే ఉంటుంది. లేదా ఏ ఇంట్లోనో తప్పుగా కలిపిన జనరేటరు నుంచి రిటర్న్ సప్లై వస్తుంది. దయచేసి, గ్రామ పెద్దలారా, ఆ పిల్లవాణ్ని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించకండి. ఒక రాత్రి చీకట్లో ఉందాం. 1912కు ఫోన్ చేద్దాం. లైన్‌మన్ ఆలస్యంగా వస్తే పై అధికారిని అడుగుదాం, నిలదీద్దాం. మన పిల్లవాడి ప్రాణంతో ఆ ఆలస్యాన్ని పూడ్చొద్దు.

ఇక దారి సంగతి.

పదో తరగతి పాసైన పిల్లవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరవచ్చు. రెండేళ్ల చదువు. పద్నాలుగేళ్లు నిండితే చాలు. పదో తరగతి గట్టెక్కని పిల్లలకు వైర్‌మన్ ట్రేడు ఉంది, దానికి ఎనిమిదో తరగతి పాసైతే సరిపోతుంది, అదీ రెండేళ్లే. ఆశ్రమ పాఠశాల మధ్యలో మానేసి మిరప కల్లాలకు పోతున్న పిల్లల తల్లిదండ్రులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అయితే వైర్‌మన్ ట్రేడు ప్రతి ఐటీఐలోనూ ఉండదు, చేరే ముందు అడిగి తెలుసుకోండి. మన దగ్గర బూర్గంపాడు మండలం కృష్ణసాగర్‌లో, మణుగూరులో ప్రభుత్వ ఐటీఐలు ఉన్నాయి. ఏటా పదో తరగతి ఫలితాల తర్వాత ప్రవేశాలు జరుగుతాయి. రెండేళ్లు పూర్తిచేసి, అఖిల భారత ట్రేడు పరీక్ష పాసైతే జాతీయ ట్రేడు సర్టిఫికెట్ వస్తుంది. దాంతో వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ దరఖాస్తు దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. ఐటీఐ సర్టిఫికెట్టే లైసెన్సు అనుకుంటారు. కాదు. అది చదువు పత్రం. పని చేయడానికి అనుమతి ఇచ్చేది బోర్డు పర్మిట్. రెండేళ్లు కష్టపడి చదివి, ఆ చివరి అడుగు వేయకుండా ఇంటికి వచ్చిన పిల్లలు నాకు ఎందరో తెలుసు.

ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ కోర్సు చదివినవాళ్లకు కూడా ఈ రంగంలో దారి ఉంది. డిస్కంలు జూనియర్ లైన్‌మన్ పోస్టులు ప్రకటించినప్పుడు పదో తరగతితో పాటు ఐటీఐ గానీ, ఈ ఒకేషనల్ గానీ అడుగుతూ వచ్చాయి. ఐటీఐ అయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒక ఏడాది అప్రెంటిస్‌గా చేస్తే చెయ్యి బాగా తిరుగుతుంది. మన జిల్లాకు ఆ విషయంలో కొదవ లేదు. సింగరేణి గనులున్నాయి. పాల్వంచలో 1966 నుంచి కరెంటు పుట్టిస్తున్న కేటీపీఎస్ ఉంది, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది, అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది, సారపాకలో కాగితం మిల్లు ఉంది. కిన్నెరసాని నీళ్లు, ఇక్కడి బొగ్గు కలిసి రాష్ట్రమంతటికీ వెలుగునిస్తున్నాయి. ఆ కరెంటు మీద పనిచేసే హక్కు ముందు ఈ మట్టి పిల్లలకు ఉండాలని నా గట్టి అభిప్రాయం. అయితే హక్కు అడగాలంటే చేతిలో సర్టిఫికెట్ ఉండాలి.

పర్మిట్ పైన ఇంకో రెండు మెట్లున్నాయి. సూపర్‌వైజరు యోగ్యతా పత్రం ఒకటి. ఎలక్ట్రికల్ డిప్లొమా గానీ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ చదివి అనుభవం సంపాదించిన వాళ్లకు ఆ దారి సులువు. ఐటీఐ చదివినవాళ్లు ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. కొత్తగూడెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. రెండో మెట్టు కాంట్రాక్టరు లైసెన్సు. దానికి తన కింద సూపర్‌వైజరు, వైర్‌మన్లు ఉన్నట్టు చూపాలి. మెగ్గర్, ఎర్తు టెస్టర్, టంగ్ టెస్టర్ వంటి పరికరాలు సొంతంగా ఉండాలి.

మరి ఇప్పటికే ముప్పై ఏళ్లు దాటి, పదిహేనేళ్లుగా ఈ పని చేస్తూ బతుకుతున్న మనిషి? అతన్ని ఐటీఐ బెంచీ మీద కూర్చోమంటే కుదరదు, ఇల్లు ఎవరు నడపాలి? అతనికి రెండు మాటలు చెబుతాను. అన్నా, అనుభవం ఉన్న పనివాళ్లు ప్రైవేటు అభ్యర్థులుగా అఖిల భారత ట్రేడు పరీక్ష రాసే వీలుంది. మీకు దగ్గరలోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాలును కలిసి, ఆ ఏడాది ఎప్పుడు, ఏ పత్రాలతో దరఖాస్తు చేయాలో అడగండి. రెండోది, పాత అనుభవాన్ని గుర్తించి ఇచ్చే ఆర్‌పీఎల్ సర్టిఫికెట్లు, భద్రాచలం ఐటీడీఏ యువజన శిక్షణ కేంద్రంలో నేర్పే స్వల్పకాల కోర్సులు. ఇవి పనికొస్తాయి, కొత్త సంగతులు నేర్పుతాయి. కానీ అవి పర్మిట్‌కు బదులు కావు. ఈ సర్టిఫికెట్ ఉంటే చాలని ఎవరైనా చెబితే నమ్మకండి.

మన సరిహద్దుకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం ఇక్కడ మిగిలింది. పట్టణం చివర నాలుగడుగులు వేస్తే ఎటపాక, అది ఆంధ్ర. ఒకే వీధి కుర్రాడు పొద్దున ఇటు ఇల్లు వైరింగు చేసి, సాయంత్రం అటు ఇల్లు చేస్తాడు. నిబంధన ఏమంటుందంటే, పని జరిగే రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ గానీ, గుర్తించిన పర్మిట్ గానీ ఉండాలి. తెలంగాణ బోర్డు పర్మిట్ చేతిలో ఉన్నా, ఎటపాక, కూనవరం, చింతూరు వైపు పనికి వెళ్లే ముందు అక్కడి ప్రభుత్వం దాన్ని గుర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మనుషులకు చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి, గోదావరి ఒకటే. కానీ ప్రమాదం జరిగినప్పుడు విచారణకు వచ్చే అధికారి ఏ రాష్ట్రం వాడో, ఆ రాష్ట్రం పత్రమే చూపించమంటాడు.

విచారణ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. కరెంటుతో మనిషి గానీ పశువు గానీ చనిపోతే విద్యుత్ చట్టం 161వ సెక్షన్ ప్రకారం తెలియజేయాలి, విద్యుత్ తనిఖీ అధికారి విచారణ జరపవచ్చు. అప్పుడు మొదట వచ్చే ప్రశ్న: ఈ వైరింగు ఎవరు చేశారు? పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేసి ఉంటే అతను తన పరీక్ష నివేదిక చూపిస్తాడు. లేనివాడు ఏం చూపిస్తాడు? ఊరికి ఉపకారం చేసిన మనిషే ఆ రోజు ముద్దాయిగా నిలబడతాడు. అతన్ని పిలిచిన వాళ్లెవరూ పక్కన ఉండరు.

ఇంకో బాధాకరమైన సంగతి. కొత్త సర్వీసు కావాలంటే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు వైరింగు పూర్తయినట్టు, పరీక్షించినట్టు సంతకం చేసి ఇవ్వాలి. కొందరు ఆ ఇంటి గడప తొక్కకుండానే సంతకం చేసి డబ్బు తీసుకుంటారు. పని చేసింది పర్మిట్ లేని కుర్రాడు, సంతకం ఊరు పేరు కూడా తెలియని పెద్దమనిషిది. లైసెన్సు ఉన్న సోదరులారా, ఆ సంతకం కింద ఒక కుటుంబం నిద్రపోతుంది. మెగ్గర్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లి కొలవండి. ఆ పని చేసిన కుర్రాణ్ని మీ దగ్గర చేర్చుకుని పర్మిట్ తెప్పించండి.

అడవి అంచున ఉన్న మనకు ఇంకొక పాపం అంటుకుని ఉంది. అడవి పందుల కోసం లైను నుంచి కొండీ వేసి, చేను చుట్టూ, అడవి దారుల్లో ఉత్త తీగ పరవడం. ఆ తీగకు పంది, మనిషి అన్న తేడా తెలియదు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో వేటగాళ్లు పెట్టిన అలాంటి తీగ తగిలి గాలింపులో ఉన్న గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు చనిపోయారు. తునికాకు ఏరుకునే ఆడవాళ్లు, ఇప్పపూలకు తెల్లవారుజామున వెళ్లే పిల్లలు అదే దారుల్లో నడుస్తారు. కొండీ వేయడం విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నేరం, వేట 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, మనిషి పోతే ఇంకా పెద్ద నేరం. ఈ తీగ పరిచేవాళ్లు కూడా తొలుత సాయానికి పిలిచేది కరెంటు పని తెలిసిన కుర్రాణ్నే. తమ్ముడూ, అన్న అడిగాడనో, బావ అడిగాడనో ఆ తీగ ముట్టుకోకు. చేను కాపాడుకోవడానికి వేరే దారులున్నాయి. నీ పర్మిట్, నీ బతుకు, ఒకరి ప్రాణం మూడూ ఆ తీగ మీద పోతాయి.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు పామాయిల్ తోటల్లో ఇంకో ప్రమాదం. గెలలు కోయడానికి పొడవాటి అల్యూమినియం గొట్టానికి కత్తి కట్టి లేపుతారు. తోట మీదుగా 11 కేవీ లైను పోతుంటే ఆ గొట్టం తగిలిందా, ఇక మాట్లాడేదేమీ ఉండదు. లైను కింద చెట్లు నాటవద్దని, ఉన్న లైను మార్పించమని అడగాల్సింది తోట యజమాని. ఆ మాట యజమానికి ముందుగా చెప్పగలిగిన వాడు ఊళ్లో ఉండాలి.

ఇక ముందు రాబోయే పని చూడండి. పోడు భూములకు సోలార్ పంపుసెట్లు ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం 2025 మేలో ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని నల్లమలలో ప్రారంభించింది. ఆరు లక్షల ఎకరాలు లక్ష్యం. మన ఏజెన్సీలో పోడు పట్టాలు ఉన్న కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ పంపులను కంపెనీ మనిషి బిగించి వెళ్లిపోతాడు. ఆ తర్వాత చెడిపోతే ఎవరు చూడాలి? ఊరి కుర్రాడే. కానీ సోలార్ కరెంటు గుణం వేరు. మన ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది, అందుకే స్విచ్చు ఆపితే నిప్పురవ్వ ఆరిపోతుంది. ప్యానెల్ నుంచి వచ్చే డీసీ అలా సున్నాకు రాదు. వైరు లాగితే నిప్పు సాగుతూ పోతుంది, చెయ్యి కాల్చేస్తుంది. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్ వోల్టేజీ ఇస్తూనే ఉంటుంది, దాన్ని ఆపడానికి స్తంభం మీద ఫ్యూజు లేదు. పంపు ప్యానెళ్ల వరుసలో వందల వోల్టులు ఉంటాయి. ఐటీఐ చదివిన పిల్లలకు సోలార్ పని నేర్పే సూర్యమిత్ర వంటి శిక్షణలు ఉన్నాయి. వాటికి కూడా ఎలక్ట్రికల్ సర్టిఫికెట్ పనికొస్తుంది.

ఇదంతా కరెంటు ఉన్న ఊళ్ల మాట. కరెంటు ఇంకా చేరని గుంపులు, అటవీ ఆవాసాలు కూడా ఉన్నాయి. లైను వేయాలంటే అటవీ అనుమతి లేదంటారు. అక్కడి పెద్దలు 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపవిభాగాన్ని గుర్తుపెట్టుకోవాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, ఒక్కో పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని కరెంటు లైన్ల కోసం ఇవ్వవచ్చని అందులో రాసి ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్లు, వృత్తి శిక్షణ కేంద్రం కూడా అదే జాబితాలో ఉన్నాయి. గ్రామసభ తీర్మానం చేసి పంపాలి. తీర్మానం లేకుండా ఆ ఫైలు కదలదు.

ఆడపిల్లల గురించి చెప్పకుండా ముగించలేను. సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష ఐటీఐ చదివి, జూనియర్ లైన్‌మన్ పోస్టుకు ఆడవాళ్లు పనికిరారన్న మాట మీద హైకోర్టు దాకా వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గి, 2021లో దక్షిణ డిస్కంలో ఉద్యోగం తెచ్చుకున్నారు. మన గురుకులాల్లో చదివే కోయ, లంబాడా ఆడపిల్లలు చెట్లెక్కి చింతకాయ దులిపినవాళ్లే. వాళ్లను స్తంభం ఎక్కలేరనడం న్యాయం కాదు. అంతకు మించి, ఇంటి వైరింగుకు స్తంభం ఎక్కే పనే లేదు. మగవాళ్లు లేని వేళ ఇంట్లోకి వచ్చి బోర్డు బాగుచేసే ఆడ వైర్‌మన్ ఉంటే ఊళ్లో ఎంత నిశ్చింతో ఆలోచించండి.

చివరగా ఈ వారం చేయగలిగిన పనులు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు వైరింగు మాట్లాడుకునే ముందు పర్మిట్ చూపించమని అడగండి. మొహమాటం వద్దు. ఇందిరమ్మ ఇల్లైనా, డాబా ఇల్లైనా ఆర్‌సీసీబీ, ఎర్తు గుంత లేకుండా డబ్బులు పూర్తిగా ఇవ్వకండి. పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు పదో తరగతి మెమో, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్, ఐటీఐ చదివి ఉంటే ట్రేడు సర్టిఫికెట్, పనిచేసిన చోట ఇచ్చిన అనుభవ పత్రం అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి. పేరు ఒక పత్రంలో ఒకలా, ఇంకో పత్రంలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి, దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది అందుకే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాణ్ని ఒంటరిగా ఏ కరెంటు పనికీ పంపకండి. ఇప్పటికే పర్మిట్ ఉన్నవాళ్లు దాన్ని పెట్టెలోంచి తీసి గడువు తేదీ చూసుకోండి. గడువు దాటితే చెల్లదు, రెన్యువల్ చేయించుకోవాలి.